ఫోన్ అమ్మకిచ్చేయకముందే: దూరంగా ఉన్న నాన్నతో మనసు విప్పి మాట్లాడటం ఎలా?

హైదరాబాద్‌లో ఉన్నా, బెంగళూరులో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా మనం ఇంటికి చేసే ఫోన్ దాదాపు ఒకేలా నడుస్తుంది. నాన్న ఎత్తితే "ఆఁ, ఎలా ఉన్నావు? తిన్నావా? అక్కడ వానలేమైనా ఉన్నాయా? సరే, అమ్మకిస్తున్నా" అంటారు. తర్వాత అరగంట అమ్మతో మాట్లాడతాం. ఆ అరగంటా నాన్న పక్కనే కూర్చుని ప్రతి మాటా వింటారు. మధ్యలో "డబ్బులకి ఇబ్బందేం లేదు కదా, అడుగు" అని అమ్మ చేత అడిగిస్తారు. మన మీద ఆయనకి ఎంత ధ్యాస ఉందో ఆ ఒక్క ప్రశ్నలోనే తెలుస్తుంది. అయినా నేరుగా మాట్లాడమంటే రెండు నిమిషాలకి మించి ఇద్దరికీ మాట దొరకదు.

దీన్ని మార్చడం సాధ్యమే. చాలామంది "నాన్నతో ఏదైనా పెద్ద విషయం మాట్లాడాలి" అనుకుని, ఆ పెద్ద విషయమేదో తెలియక ఆగిపోతారు. నిజానికి ఆయన ఇప్పుడే అన్న చిన్న మాట మీద మనం అడిగే రెండో ప్రశ్న చాలు. సంభాషణ మీద మనస్తత్వశాస్త్రంలో జరిగిన పరిశోధనల్లో కూడా నాకు అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. అక్కడిదాకా వెళ్లే దారి ఒక్కో మెట్టుగా చెబుతాను. అమ్మతోనో, తాతయ్యతోనో, మాటలు తగ్గిపోయిన అన్నయ్యతోనో కూడా ఇదే పద్ధతి పనిచేస్తుంది.

1. ఫోన్ ఆయన నంబరుకే చేయండి

అమ్మ ఫోన్‌కి చేసి "నాన్నకివ్వు" అంటే ఆయన అతిథిలాగే మాట్లాడతారు. ఆయన నంబరుకి, ఆయన ఒక్కరే ఉండే వేళ చూసి చేయండి. ఉదయం వాకింగ్ నుంచి వచ్చి పేపరు పట్టుకునే వేళో, పొలం గట్టు మీద ఉండే వేళో, సాయంత్రం అరుగు మీద కూర్చునే వేళో మీకే తెలుసు. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇది కలిసొస్తుంది. అక్కడ రాత్రి భోజనాలయ్యేసరికి ఇక్కడ తెల్లారి ఉంటుంది, ఇల్లు ఇంకా సందడిగా ఉండదు.

వీడియో కాల్ అక్కర్లేదు. కెమెరా పెడితే చాలామంది నాన్నలు బిగుసుకుపోతారు, ఫోన్ ఎటు పట్టుకోవాలన్న దాని మీదే ధ్యాసంతా ఉంటుంది. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో ప్రచురించిన పరిశోధనలో, పాత స్నేహితుల్ని ఫోన్లో పలకరిస్తే ఇబ్బందిగా ఉంటుందేమో, మెయిల్ రాస్తే నయమేమో అని చాలామంది ముందుగా అనుకున్నారు. తీరా మాట్లాడాక ఆ ఇబ్బందేమీ కనిపించలేదు. రాసుకున్నవాళ్ల కన్నా మాట్లాడుకున్నవాళ్లకే దగ్గరితనం ఎక్కువ అనిపించింది. ఆ దగ్గరితనం తెచ్చింది ముఖ్యంగా గొంతే. రోజూ వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ ఫోటోలు పంపుకుంటున్నాం కదా అని సరిపెట్టుకోవద్దని చెప్పడానికే ఇది చెబుతున్నాను.

ఇక్కడే ఒక మాట. నాన్న ఫోన్ వెంటనే అమ్మకిచ్చేయడానికి కారణం మొహమాటం కాకపోవచ్చు. వయసు అరవై దాటాక చాలామందికి వినికిడి తగ్గుతుంది, ముఖ్యంగా ఫోన్లో మాటలు సరిగా తెలియవు. ఆ సంగతి పైకి చెప్పుకోరు. అడిగినదానికి సంబంధం లేని జవాబు వస్తున్నా, అన్నిటికీ "ఆఁ ఆఁ" అంటున్నా, ముందు చెవి డాక్టరుకి చూపించండి. మీరు గట్టిగా అరవక్కర్లేదు, నిదానంగా మాట్లాడితే చాలు.

2. ఆయన మామూలుగా అనే మాటల్లో పిలుపుని గుర్తుపట్టండి

"ఈసారి మామిడి పూత బాగా వచ్చింది." "మన వీధి చివర కొత్తగా అపార్ట్‌మెంట్ కడుతున్నారు." "నిన్న మీ మాస్టారు కనిపించారు." నాన్నల మాటలు ఇలాగే ఉంటాయి. మనం "ఓహో, అవునా" అని తర్వాతి విషయానికి వెళ్లిపోతాం. కానీ ఆయన అక్కడ చెబుతున్నది వార్త మాత్రమే కాదు. కాసేపు తనతో ఉండమని అడుగుతున్నారు.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్మన్ కొత్తగా పెళ్లయిన జంటల మధ్య ఇలాంటి చిన్న పిలుపుల్నే లెక్కపెట్టారు. కిటికీలోంచి చూసి "ఆ పడవ చూడు" అనడం కూడా ఆయన లెక్కలో పిలుపే. ఆరేళ్ల తర్వాత చూస్తే, కలిసి ఉన్న జంటలు అప్పట్లో నూటికి 86 పిలుపులకి స్పందించాయి. విడిపోయినవాళ్లు స్పందించింది 33కే. అది భార్యాభర్తల మీద చేసిన పని. అయినా తండ్రీ పిల్లల మధ్య కూడా పిలుపు పిలుపే.

అందుకే పూత సంగతి వచ్చినప్పుడు పూత గురించే అడగండి. "ఏ చెట్టుకి? పెరట్లో ఉన్న రసాలుకేనా? పోయినేడు దానికి కాయే నిలవలేదు కదా?" పోయినేటి సంగతి మీకు గుర్తుందని తెలియగానే ఆయన గొంతు మారుతుంది. మొదటి కొన్ని వారాలు ఇంతవరకు చేసినా చాలు. తొందరేం లేదు.

3. ముందు మీ సంగతి కొంచెం చెప్పండి

మనం నాన్నకి చెప్పేదంతా ఒకటే మాట: "అంతా బాగానే ఉంది నాన్నా." ఆయనా మనకి అదే చెబుతారు. ఒకరికొకరు టెన్షన్ పెట్టకూడదని ఇద్దరూ తలుపులు వేసుకుని కూర్చుంటారు.

1997లో ఆర్థర్ ఆరన్, ఆయన సహచరులు ఒకరికొకరు తెలియని మనుషుల్ని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చారు. మొదట తేలిక ప్రశ్నలు, పోనుపోను సొంత విషయాలకి దగ్గరగా వచ్చే ప్రశ్నలు. నలభై ఐదు నిమిషాలయ్యాక, ఊసుపోక కబుర్లు చెప్పుకున్న జంటల కన్నా వీళ్లకి ఒకరి మీద ఒకరికి దగ్గరితనం ఎక్కువ కలిగింది. ఆ ప్రశ్నల పట్టీకి బాగా పేరొచ్చింది కానీ, అసలు కిటుకు పట్టీలో లేదు. ప్రతి ప్రశ్నకీ ఇద్దరూ జవాబు చెప్పాలి. ఒకరు కొంచెం విప్పితే రెండోవాళ్లూ అంతే విప్పుతారు. అడిగేవాళ్లు తమ సంగతేమీ చెప్పకుండా అడుగుతూనే పోతే అది విచారణలా ఉంటుంది.

కాబట్టి ఒక చిన్న నిజం చెప్పండి. భయపెట్టేది వద్దు. చెప్పే ముందే కంగారు లేదని తెలియనివ్వండి: "కంగారేం లేదు నాన్నా, అంతా సర్దుకుంది. కానీ పోయిన వారం ఆఫీసులో నా పని అందరి ముందూ తప్పుపట్టారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు." ఇంతే. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఉంటే దాన్ని ఈ మొదటి ఫోన్లో మొదలుపెట్టకండి.

ఈ మెట్టు దగ్గర చాలామంది వెనకాడతారు. "నాన్నకి ఇలాంటివి చెబితే ఏమనుకుంటారో" అనిపిస్తుంది. మైకేల్ కార్డస్, కుమార్, ఎప్లీ కలిసి చేసిన ప్రయోగాల్లో కూడా లోతైన సంగతులు మాట్లాడబోయే ముందు జనం ఇలాగే అనుకున్నారు. అవతలివాళ్లకి మన సంగతుల మీద ఉండే శ్రద్ధని వాళ్లు బాగా తక్కువగా అంచనా వేశారు. మాట్లాడాక చూస్తే ఇబ్బంది అనుకున్నంత లేదు, సంతోషం అనుకున్నదానికన్నా ఎక్కువ. ఆ ప్రయోగాల్లో ఎక్కువమంది ముక్కూమొహం తెలియని వాళ్లు. మీరు మాట్లాడబోయేది డబ్బులకి ఇబ్బందేమో అడుగు అని పక్క నుంచి అమ్మకి చెప్పే మనిషితో.

4. సలహా వస్తే వాదించకండి

మీరు అలా చెప్పగానే నాన్న నోటి నుంచి మొదట వచ్చేది సలహాయే. "అందుకే చెప్పా, అందరితో సర్దుకుపోవాలని." లేదంటే "ఆ మాత్రం దానికి నిద్ర మానుకుంటారా?" ఇక్కడ మనకి చిర్రెత్తుకొస్తుంది, "సరేలే, అమ్మకివ్వు" అంటాం. నూటికి తొంభై సార్లు కథ ఇక్కడే ఆగిపోతుందని నా నమ్మకం.

ఆ తరం నాన్నలకి ప్రేమ చూపించడమంటే దారి చూపించడం. అది అలాగే తీసుకుని, వెంటనే ఇలా అడగండి: "మీకెప్పుడైనా ఇలా అయిందా నాన్నా, ఉద్యోగంలో చేరిన కొత్తలో?" సలహాని కాదనక్కర్లేదు, ఒప్పుకోనక్కర్లేదు. సలహా వెనక ఉన్న అనుభవాన్ని అడుగుతున్నారు, అంతే. మొదటిసారి "మాకివన్నీ ఎక్కడివి" అని కొట్టిపారేస్తారు. అడిగారన్న సంగతి మాత్రం ఆయన మనసులో ఉంటుంది. రెండు మూడు రోజుల తర్వాత ఆయనే "మొన్న అడిగావు కదా" అని ఎత్తుకోవచ్చు.

నువ్వు అని పిలిచే ఇంట్లో నువ్వు, మీరు అనే ఇంట్లో మీరు. నాన్న, నాయన, బాపు, ఏది అలవాటైతే అదే. దగ్గరితనం కోసమని పిలుపు మార్చకండి, కృత్రిమంగా వినిపిస్తుంది.

5. ఆయన కుర్రతనాన్ని అడగండి

"మీ జీవితం గురించి చెప్పండి నాన్నా" అంటే ఎవరూ చెప్పలేరు. వయసు పట్టుకుని అడగాలి. నడివయసు దాటినవాళ్లని జ్ఞాపకాలు చెప్పమంటే, దాదాపు పదేళ్ల నుంచి ముప్ఫై ఏళ్ల మధ్య జరిగినవే ఎక్కువగా వస్తాయని జ్ఞాపకశక్తి మీద పనిచేసినవాళ్లు పదేపదే గమనించారు. మొదటి ఉద్యోగం, ఊరు దాటడం, పెళ్లి, మొదటి సంపాదన అన్నీ ఆ వయసులోవే.

ఆయన పుట్టిన సంవత్సరానికి ఇరవై కలపండి. అప్పుడు మన దగ్గర ఏం జరిగిందో చూడండి. కృష్ణా, గుంటూరు తీరంవాళ్లయితే 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన. 1957లో పుట్టిన మనిషికి అప్పుడు ఇరవై ఏళ్లు. భద్రాచలం వైపువాళ్లయితే 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకి వచ్చిన వరద. ఇంకొంచెం పెద్దవాళ్లయితే తెలంగాణలో 1969 ఉద్యమం, ఆంధ్రలో 1972 జై ఆంధ్ర, చదువులు ఆగిపోయిన ఆ రోజులు. 1983 జనవరిలో ఎన్టీఆర్ గెలిచిన ఎన్నికలు చాలామంది నాన్నలకి నిన్న జరిగినట్టే గుర్తు. అనంతపురం వైపైతే వాన పడని ఏటి వేరుశనగ సంగతి అడగండి.

అయితే "దివిసీమ ఉప్పెన గురించి చెప్పండి" అని అడగకండి. పేపర్లో వచ్చిందే చెబుతారు. "ఆ రాత్రి మీరు ఎక్కడ పడుకున్నారు?" అని అడగండి. ఎవరు, ఎక్కడ, ఎంతకి, ఏం తిన్నారు, ఎలా వెళ్లారు. ఇలాంటివాటికి ఎవరైనా జవాబు చెప్పగలరు. "అప్పుడు నీకెలా అనిపించింది?" అన్న ప్రశ్న మాత్రం పక్కన పెట్టండి. అలా అడిగితే తడబడి "ఏముంది, మామూలే" అనేస్తారు. వివరాలు చెబుతూ ఉంటే ఎలా అనిపించిందో వాటి వెంటే వస్తుంది.

6. రెండో ప్రశ్న ఆయన మాటలోంచే తీయండి

హార్వర్డ్‌లో కరెన్ హువాంగ్ బృందం 2017లో వేలకొద్దీ సంభాషణల్ని పరిశీలించి, ప్రశ్నలు ఎక్కువ అడిగేవాళ్లని అవతలివాళ్లు ఎక్కువ ఇష్టపడుతున్నారని గమనించింది. ఆ ప్రశ్నల్లో అసలు పని చేసింది, అవతలివాళ్లు అప్పుడే అన్నదాన్ని అందుకుని అడిగినవి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. కొత్త ప్రశ్న ముందే ఆలోచించి పెట్టుకోవచ్చు. రెండో ప్రశ్న వింటే తప్ప రాదు. ఎదుటి మనిషి విన్నాడనడానికి అంతకన్నా రుజువు ఏం కావాలి?

ఒక సంభాషణ ఇలా నడవచ్చు:

"నాన్నా, వరంగల్‌లో డిగ్రీ చదివేటప్పుడు రూమ్‌లో వంట ఎవరు చేసేవాళ్లు?"

"ఎవరు చేస్తారు, మేమే. ముగ్గురం ఉండేవాళ్లం."

"మిగతా ఇద్దరు ఎవరు?"

"ఒకడు మన పక్కూరే. ఇంకొకడు మధిర వైపు. కిరోసిన్ స్టవ్ వాడిదే."

"స్టవ్ ఆయనదైతే, నువ్వేం తెచ్చేవాడివి?"

"బియ్యం. మీ నాయనమ్మ నెలకోసారి మూట కట్టి బస్సులో వేసేది. కండక్టర్ తెలిసినాయనే. ఒక్క నెల రాలేదు."

"ఆ నెల ఏమైంది?"

"పంట పోయింది. ఇంట్లోనే లేవు, నాకేం పంపిస్తుంది? ఆ నెలంతా వాళ్లిద్దరి బియ్యమే తిన్నా. వాళ్లొక్క మాట అనలేదు. మీ నాయనమ్మ అడిగితే ఇంకా మిగిలే ఉన్నాయని చెప్పా."

మొదలుపెట్టింది వంట గురించి. ప్రతి ప్రశ్నా అంతకు ముందు జవాబులోని ఒక ముక్కే: ముగ్గురం, స్టవ్, రాని నెల. బాధపడ్డావా అని ఎవరూ అడగలేదు. అయినా ఆ కుర్రాడి అభిమానం, తల్లికి చెప్పిన అబద్ధం, ఆ స్నేహితుల మంచితనం అన్నీ నాలుగు మాటల్లో వచ్చేశాయి. మన ఫీజు ఒక్కరోజు కూడా ఆలస్యం కాకూడదని ఆయన ఎందుకు అంత పట్టుబట్టేవారో ఇప్పుడు అర్థమవుతుంది.

ఆయన చెప్పింది విని "నాకూ హాస్టల్లో అంతే అయింది" అని మీ కథ మొదలుపెట్టకండి. మీ వంతు ముందే అయింది. పాఠం తీయకండి, "అయ్యో పాపం" కూడా వద్దు. "వాళ్లిద్దరూ ఇప్పుడెక్కడున్నారు?" అని అడగండి. ఆ మధిర స్నేహితుడి నంబరు వెతికిపెట్టే పని మీ చేతికి రావచ్చు. అంతకన్నా మంచి బహుమతి ఆయనకి మీరు ఏం కొనిపెట్టగలరు?

7. ఆయన ఆగితే మీరూ ఆగండి

సంభాషణలో ఒకరు ఆపాక రెండోవాళ్లు అందుకోవడానికి పట్టే వ్యవధి సగటున సెకనులో అయిదో వంతు. పది భాషల మీద 2009లో వచ్చిన పరిశోధన తేల్చిన లెక్క ఇది. అంత వేగానికి అలవాటుపడ్డాం కాబట్టే రెండు సెకన్ల నిశ్శబ్దం కూడా ఫోన్ కట్ అయినట్టు అనిపిస్తుంది. "హలో? వినిపిస్తోందా?" అనేస్తాం.

అలా అనకండి. మేరీ బడ్ రో అనే విద్యావేత్త తరగతి గదుల్లో గమనించింది: ప్రశ్న అడిగాక టీచర్లు ఒక్క సెకను కూడా సరిగా ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగిన చోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, అడగకుండానే మాట్లాడేవాళ్లు పెరిగారు. నలభై ఏళ్ల కిందటి సంగతి పైకి రావాలంటే చేదిన బావిలో నీళ్లు ఊరినట్టే కొంచెం వ్యవధి కావాలి. మీ ఊపిరి మీద దృష్టి పెట్టి ఆగండి. మరీ ఎక్కువసేపైతే "ఊఁ" అంటే చాలు. పై సంభాషణలో "ఒక్క నెల రాలేదు" అన్న మాట అలాంటి ఒక విరామం తర్వాతే వస్తుంది.

ఎదురుగా ఉన్నప్పుడు ఇది ఇంకా తేలిక. సెలవులకి వెళ్లినప్పుడు ముఖాముఖి కూర్చోవద్దు. ఇద్దరూ ఏదో పని చేస్తూ ఉండండి, కొబ్బరికాయలు వొలవడమో, బండి మీద బజారుకి వెళ్లడమో. చూపులు కలవక్కర్లేని చోట మగవాళ్లకి మాట సులువుగా వస్తుంది. ఇది నేను చాలా ఇళ్లలో చూసిన సంగతి.

8. తలుపు మూసిన చోట తట్టకండి

ఆస్తి పంపకాలు, అప్పులు, తోడబుట్టినవాళ్లతో మాటల్లేకపోవడం, చిన్నప్పుడే పోయిన బిడ్డ. ప్రతి ఇంట్లో ఇలాంటిది ఒకటి ఉంటుంది. "ఇప్పుడవన్నీ ఎందుకులే" అని గొంతు దించి అంటే అక్కడ ఆగిపోండి. "సరే నాన్నా, ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే చెప్పు" అని మళ్లీ మామిడి చెట్టు దగ్గరికి రండి. ఆగినందుకు మీ మీద నమ్మకం పెరుగుతుంది.

ఇంకో సంగతి కూడా గమనిస్తూ ఉండండి. ఎప్పుడూ మాట్లాడే మనిషి వారాల తరబడి ముభావంగా ఉన్నా, నిద్ర, తిండి తగ్గినా, "ఇంకెందుకు బతకడం" లాంటి మాటలు వచ్చినా ఫోన్ కబుర్లతో సరిపెట్టకండి. దగ్గర్లో ఉన్న బంధువుని వెంటనే ఇంటికి పంపండి, డాక్టరుకి చూపించండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ లైన్ 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

9. చెప్పింది మీ దగ్గరే ఉంచుకోండి, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టండి

బియ్యం మూట కథ విన్న ఉత్సాహంలో దాన్ని ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టకండి. చెల్లికి చెప్పాలనిపిస్తే ముందు ఆయన్ని అడగండి. రికార్డు చేసుకోవాలన్నా అడిగే చేయండి. పదిమందికీ తెలిసిందని పిన్ని ద్వారా విన్న రోజు నుంచి ఆయన మళ్లీ వానల గురించే మాట్లాడతారు.

ఫోన్ పెట్టేశాక రెండు ముక్కలు రాసుకోండి: పేర్లు, ఊళ్లు, సగంలో ఆగిన సంగతి. "మధిర స్నేహితుడు, కిరోసిన్ స్టవ్. నాయనమ్మకి నిజం తెలిసిందా?" వచ్చే ఆదివారం "తిన్నారా" అయ్యాక ఇదే మొదటి ప్రశ్న. ఒక్కోసారి ఆయనకి మాట్లాడాలని ఉండదు, మ్యాచ్ చూస్తూ ఉంటారు. ఆ రోజు స్కోరెంతో అడిగి పెట్టేయండి, వారం తర్వాత మళ్లీ చేయండి.